గరగర నుంచి డ్రైవర్ దాకా: చీపురుపల్లి ప్రాంతంలో ధ్వని మరమ్మతుల చరిత్ర

ఇంటి కంప్యూటర్‌లో వినిపించే వింత శబ్దాలకు కారణం కనిపెట్టి సరిచేసే విద్య రేడియో మెకానిక్ బల్ల మీద పుట్టింది. అక్కడి నుంచి మైకు సెట్లు, టేపు రికార్డర్ల మీదుగా కంప్యూటర్ దాకా వచ్చింది. యంత్రాలు మారాయి, దోషం దాక్కునే చోటు మారింది. వెతికే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఉత్తరాంధ్రలో రేడియో ఆలస్యంగా, కరెంటు ఇంకా ఆలస్యంగా, కంప్యూటర్ మరీ ఆలస్యంగా అందిన చీపురుపల్లి వంటి ఊళ్ల చుట్టూ చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

చీపురుపల్లి విజయనగరానికి ఈశాన్యంగా దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉంది. ఈ మార్గం 1890ల్లో పడింది. దేశంలో మొదటిసారి మాంగనీసు తవ్వకం మొదలైంది కూడా ఈ ప్రాంతంలోనే, 1892లో. చీపురుపల్లికి చేరువలోని కోడూరు గనుల పేరు భూగర్భశాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు చీపురుపల్లి తాలూకా అందులో ఉంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టినప్పుడు ఇటు వచ్చింది. 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. అపశ్రుతిని పట్టే చెవికి ఈ నేల మీద కొరత లేదు.

వాల్వు రేడియో: దోషం గాలిలోనా, పెట్టెలోనా?

తెలుగు శ్రోతకు మొదట దక్కిన పెద్ద రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న వచ్చింది. అదీ చీపురుపల్లికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలయ్యాకే దగ్గర్లో, అంటే సుమారు 80 కిలోమీటర్లలో, గట్టిగా వినిపించే స్టేషన్ దొరికింది. అప్పటిదాకా ఈ ప్రాంతంలో రేడియో వినడమంటే దూరపు స్టేషన్‌ను గరగరల మధ్య నుంచి ఏరుకోవడమే.

మీడియం వేవ్ తరంగాలను పగటిపూట పై వాతావరణంలోని అయనావరణపు కింది పొర పీల్చేస్తుంది. చీకటి పడగానే ఆ పొర పలచబడి, తరంగాలు పై పొరల నుంచి తిరిగి నేలకు దిగుతాయి. అందుకే రాత్రిళ్లు దూరపు స్టేషన్లు పలుకుతాయి, కెరటంలా పెరిగి తరుగుతాయి. దగ్గరి ఫ్రీక్వెన్సీల మీద ఉన్న రెండు స్టేషన్లు ఒకేసారి అందితే వాటి తేడా సన్నని ఈలగా వినిపిస్తుంది. ఈ అయనావరణం మీద వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు ఆధ్వర్యంలో పేరున్న పరిశోధనలు జరిగాయి.

దూరపు స్టేషన్లతో గరగర కూడా వచ్చేది కాబట్టి రేడియో మెకానిక్ ముందు నిలిచిన మొదటి ప్రశ్న ఒకటే: గరగర గాలిలో వస్తోందా, పెట్టెలో పుడుతోందా? దానికి జవాబు తేలిక. ఏరియల్ తీగ ఊడదీసి చూస్తే చాలు. శబ్దం ఆగిపోతే తప్పు బయటిది. పిడుగులు, పక్కింటి మోటారు, ట్యూబ్‌లైట్ చోక్, వదులైన కరెంటు తీగ, వీటిలో ఏదో ఒకటి. శబ్దం ఆగకపోతే సెట్టు విప్పాలి.

విప్పాక శబ్దపు తీరే దారి చూపేది. ఎడతెగని బొంగురు హోరు ఉంటే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని అర్థం. వాల్యూమ్ తిప్పినప్పుడల్లా బరబరమంటే లోపలి కార్బన్ పట్టీ అరిగినట్టు. వాల్వును వేలితో తడితే గంటలా మోగితే ఆ వాల్వులోని భాగాలు వదులైనట్టు. పాట పగిలినట్టు వస్తే కప్లింగ్ కండెన్సర్ లీకైనట్టు. మంచి మెకానిక్‌కు మీటరు కంటే ముందు చెవి పని చేసేది.

చెవికి అందనప్పుడు గొలుసును సగం చేసేవారు. రేడియోలో సంకేతం ఏరియల్ నుంచి 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) దశ మీదుగా డిటెక్టర్‌కు, అక్కడి నుంచి వాల్యూమ్ కంట్రోల్‌కు, ఆంప్లిఫయర్‌కు, చివరికి స్పీకర్‌కు వెళ్తుంది. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే స్పీకర్ గుర్రుమనాలి. అలా అంటే అక్కడి నుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టు, తప్పు ఏరియల్ వైపు సగంలో ఉన్నట్టు. అనకపోతే తప్పు స్పీకర్ వైపు సగంలో ఉంది. ఒక్క తాకిడితో సగం సెట్టు అనుమానం లోంచి తప్పుకుంటుంది. మిగతా సగాన్ని మళ్లీ సగం చేస్తే నాలుగైదు పరీక్షల్లో చెడిన భాగం దొరుకుతుంది.

కరెంటు వచ్చాక: హమ్ము కథ

ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలాకాలం రేడియోలు బ్యాటరీల మీద నడిచాయి. ఆంధ్ర, ఒరిస్సాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలయ్యాక ఈ జిల్లాలకు కరెంటు దారి తెరుచుకుంది. 1955లో ఏర్పడిన ఫెర్రో ఎల్లాయ్స్ కార్పొరేషన్, జనం నోట ఫేకర్, చీపురుపల్లి పక్కనే గరివిడి శ్రీరామనగర్‌లో కరెంటుతో నడిచే ఫెర్రో మాంగనీస్ కొలిమి పెట్టింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక పల్లెల విద్యుదీకరణ ఊపందుకుంది.

కరెంటుతో పాటు హమ్ము, అంటే ఎడతెగని హోరు, వచ్చింది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. ఆ 50 హెర్ట్జ్ ధ్వని నేరుగా వినిపిస్తే, సంకేతం మోసే తీగ కరెంటు తీగ పక్కన పోతోందనో, షీల్డు తెగిందనో, ఎర్త్ సరిగా లేదనో అనుకోవాలి. ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లైలో కండెన్సర్ చెడితే వచ్చేది దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. ఒకటి బొంగురుగా, లోతుగా ఉంటుంది. రెండోది దాని పై స్థాయి స్వరం, కాస్త కరకుగా ఉంటుంది. తంబురా షడ్జమం, దాని పై షడ్జమం తేడా తెలిసిన చెవికి ఈ రెంటినీ వేరు చేయడం కష్టం కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే తీగలు వెతకాలా, కండెన్సర్ మార్చాలా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. ఈనాటి కంప్యూటర్ స్పీకర్లకూ ఈ సూత్రం వర్తిస్తుంది.

వోల్టేజి ఎగుడుదిగుళ్లు మరో సమస్య. అందుకు స్టెబిలైజర్లు వచ్చాయి. స్టెబిలైజర్‌లో రిలే పడినప్పుడల్లా రేడియోలో టక్కుమనేది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ వచ్చాక మీడియం వేవ్ మీద జుమ్మనే రొద చేరింది. మిక్సీ వేస్తే దాని బ్రష్షుల నిప్పురవ్వలు పాటను మింగేసేవి. ఇంట్లో ఒక్కో సామాను కట్టేస్తూ ఏది ఆపితే రొద ఆగుతుందో చూడడమే దీనికి పరీక్ష.

ట్రాన్సిస్టర్, మైకు సెట్, టేపు రికార్డర్

1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టర్ 1960లలో మన పల్లెల్లోకి రేడియో రూపంలో వచ్చింది. వివిధ భారతి, రేడియో సిలోన్ పాటలు పొలం గట్ల మీద వినిపించాయి. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే పద్ధతి 1980లలో పోయేదాకా సాగింది. ట్రాన్సిస్టర్‌కు దాని సొంత వింత ధ్వని ఉంది. బ్యాటరీలు నీరసించినప్పుడు వాటి లోపలి నిరోధం పెరిగి, స్పీకర్ లాగే కరెంటు వెనక్కి తిరిగి మొదటి దశలను కదిలిస్తుంది. అప్పుడు పాట బదులు ఇంజను పడవలా పుట్‌పుట్ మంటుంది. కొత్త బ్యాటరీలు వేస్తే పోతుంది. కొత్తవి వేసినా పోకపోతే బ్యాటరీల పక్కనున్న కండెన్సర్ మార్చాలి. తప్పు పాట నడిచే దారిలో ఉండనక్కర్లేదని, శక్తి వచ్చే దారిలోనూ ఉండొచ్చని ఆ తరం మెకానిక్‌లు నేర్చుకున్న పాఠం ఇది.

మైకు సెట్ల వాళ్లు నేర్చుకున్నది ఇంకొకటి. పెళ్లిళ్లు, జాతరలు, నాటకాలు, ఎన్నికల సభల్లో మైకు ముందు మనిషి నిలబడగానే హారన్ కీచుమంటుంది. హారన్ ధ్వని మైకులో పడి, ఆంప్లిఫయర్‌లో పెరిగి, మళ్లీ హారన్ నుంచి వచ్చి, మళ్లీ మైకులో పడే చక్రం అది. ఇందులో చెడిన భాగం ఏదీ లేదు. మైకును హారన్ వెనక్కి జరిపితే, లేదా వాల్యూమ్ కొద్దిగా తగ్గిస్తే ఆగిపోతుంది. అన్ని భాగాలూ బాగున్నా అమరిక వల్లే దోషం పుట్టవచ్చని దీనివల్ల తెలిసింది. యాభై ఏళ్ల తర్వాత వీడియో కాల్ చేసేవాళ్లకు ఎదురైంది సరిగ్గా ఇదే.

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్ మన ఊళ్లలో 1980లలో విరివిగా పాకింది. దానితో కాలానికి సంబంధించిన దోషాలు వచ్చాయి. రబ్బరు బెల్టు సాగితే పాట నెమ్మదించి శ్రుతి దిగుతుంది. పించ్ రోలర్ అరిగితే సాగదీసినట్టు వణుకుతుంది. హెడ్ మీద మురికి పేరుకుంటే పై స్వరాలు పోయి దుప్పటి కప్పినట్టుంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ తుడవడం, పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి హెడ్ వాలు సరిచేయడం ప్రతి దుకాణంలో రోజూ జరిగే పనులు.

కంప్యూటర్ మొదట పలికిన మాట: బీప్

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది ఒక చిన్న స్పీకర్. ఇంటెల్ 8253 టైమర్ చిప్ దాన్ని తెరిచి మూయడం తప్ప మరేమీ చేయలేదు. ఆ స్పీకర్ సంగీతానికి పనికిరాకపోయినా మరమ్మతుకు బాగా పనికొచ్చింది. తెర వెలగకముందే కంప్యూటర్ తన ఆరోగ్యం తానే పరీక్షించుకుని బీప్‌లతో చెప్పేది. చాలా బోర్డుల్లో ఒక చిన్న బీప్ అంటే అంతా క్షేమం. అవార్డ్ బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఉన్న బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే వీడియో కార్డు తప్పు. పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తుంటే ర్యామ్ తప్పు.

తీరప్రాంతపు తేమ గాలిలో ర్యామ్ కాళ్ల మీద పొర కట్టడం మామూలే. ర్యామ్ ఊడదీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో కాళ్లు రుద్ది, మళ్లీ బిగించడం మన కంప్యూటర్ మెకానిక్‌ల నిత్యవిద్య. ఎన్నో యంత్రాలు ఈ ఒక్క పనితోనే లేచి కూర్చున్నాయి.

సౌండ్ కార్డు: కొట్లాట లోపల

1987లో యాడ్‌లిబ్ కార్డు, 1989లో సింగపూర్ సంస్థ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కంప్యూటర్‌కు అసలైన గొంతు ఇచ్చాయి. వాటితో రేడియో కాలంలో లేని కొత్త జాతి దోషం పుట్టింది. కార్డులో ఏ భాగమూ చెడదు, తీగ తెగదు, కరెంటు సరిగానే ఉంటుంది. అయినా పాట రాదు, లేదా మొదటి ముక్క పలికి అక్కడే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కారణం, ప్రాసెసర్‌ను పిలవడానికి కార్డు వాడే ఐఆర్‌క్యూ నంబరు మరో పరికరంతో కలిసిపోవడం. ఐఆర్‌క్యూ 7 ప్రింటర్ పోర్టుకు అలవాటైన నంబరు. సౌండ్ కార్డునూ దాని మీదే పెడితే ఇద్దరూ కొట్టుకునేవారు. కార్డు మీది జంపర్ మార్చి 5కు తెస్తే గొడవ తీరేది. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అన్న మూడు అంకెలు ఆ తరం మెకానిక్‌లకు కంఠతా వచ్చేవి.

1995లో విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చి ఈ నంబర్ల పంపకం యంత్రం చేతికి పోయింది. అప్పుడు ఇంకో చిత్రమైన ఫిర్యాదు మిగిలింది: ఆటల్లో మాటలు, దెబ్బలు వినిపిస్తాయి, ఆడియో సీడీ పెడితే మాత్రం పాట వినిపించదు. సీడీ డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డుకు వెళ్లే సన్నని తీగను పెట్టడం మరిచిపోవడమే దానికి కారణం.

అసెంబుల్డ్ కంప్యూటర్ల దశకం

ఉత్తరాంధ్ర చిన్న పట్టణాల ఇళ్లలోకి కంప్యూటర్ బాగా వచ్చింది 2000 తర్వాత. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరడం దానికి ఒక పెద్ద కారణం. విజయనగరంలో ఎంవీజీఆర్ కళాశాల 1997లో, జేఎన్‌టీయూ ప్రాంగణం 2007లో వచ్చాయి. కొన్నవాటిలో ఎక్కువ భాగం విడిభాగాలు తెచ్చి దుకాణంలో కూర్చినవే. సౌండ్ కార్డు కొనే అవసరమూ పోయింది. ఇంటెల్ 1997లో ఏసీ97, 2004లో హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణాలు తేగా, మదర్‌బోర్డు మీదే సౌండ్ చిప్ వచ్చేసింది. వెనక రంధ్రాలకు పీసీ 99 ప్రమాణం రంగులు ఇచ్చింది: స్పీకర్‌కు ఆకుపచ్చ, మైకుకు గులాబీ, లైన్ ఇన్‌కు నీలం. సౌండ్ రావడం లేదని దుకాణానికి మోసుకొచ్చిన కంప్యూటర్‌లో పిన్ను నీలం రంధ్రంలో ఉండడం అరుదేమీ కాదు.

ఆ దశకంలో ధ్వని దోషం అంటే ముందుగా డ్రైవర్ దోషం, అంటే సౌండ్ చిప్‌ను విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్ దోషం. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. వైరస్ వచ్చిందనో నెమ్మదించిందనో సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టి మళ్లీ ఓఎస్ వేస్తే మూగబోయేది. బోర్డుతో వచ్చిన సీడీ దొరికితే డ్రైవర్ వేసి గొంతు తెప్పించేవారు. దొరక్కపోతే పెట్టె విప్పి, ఆడియో రంధ్రాల దగ్గరున్న చిన్న చిప్ మీది పేరు చదివేవారు. చాలాసార్లు రియల్‌టెక్ ఏఎల్‌సీ వరసలోని ఏదో ఒక నంబరు దాని మీద ఉండేది. హెచ్‌డీ ఆడియో బోర్డులకు ఇంకో మెలిక ఉండేది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ888111 అనే అతుకు ముందు వేయనిదే ఎక్స్‌పీలో రియల్‌టెక్ డ్రైవర్ కూర్చునేది కాదు. క్యాబినెట్ ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రం పాత ఏసీ97 పద్ధతిదై, బోర్డు కొత్త హెచ్‌డీ పద్ధతిదైతే, అందులో ఏదో గుచ్చారని బోర్డు గుర్తించేది కాదు. రియల్‌టెక్ మేనేజర్‌లో ముందు ప్యానెల్ గుర్తింపును ఆపివేస్తే పాట వచ్చేది.

అదే కాలంలో పాత జాతి దోషం ఒకటి కొత్త వేషంలో తిరిగొచ్చింది. 1999 నుంచి 2007 మధ్య తయారైన చాలా మదర్‌బోర్డుల్లో నాసిరకం ద్రావణం పోసిన కండెన్సర్లు ఉబ్బి, పగిలి, కారాయి. కంప్యూటర్ తనంతట తాను ఆగిపోవడం, స్పీకర్లలో చిటపటలు దాని లక్షణాలు. వాల్వు రేడియోకు కండెన్సర్ మార్చిన చెయ్యికి ఈ టంకం పని కొత్త కాదు. పాత రేడియో మెకానిక్ కంప్యూటర్ దుకాణానికి అవసరమైన సందర్భం ఇది.

ఎర్త్ సమస్య కూడా ఇంట్లోనే కూర్చుంది. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా చాలా ఇళ్లలో మూడో రంధ్రానికి తీగే ఉండదు. అప్పుడు కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కండెన్సర్ల వల్ల ఇనప పెట్టె మీద సరఫరా వోల్టేజిలో దాదాపు సగం తేలుతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి చెయ్యి తగిలితే జిమ్మంటుంది, స్పీకర్లు గుర్రుమంటాయి. కేబుల్ టీవీ తీగను కంప్యూటర్‌లోని టీవీ ట్యూనర్ కార్డుకు తగిలిస్తే హోరు ఇంకా పెరుగుతుంది. పెట్టె మీద తేలే ఆ కరెంటు, భూమి తగిలిన కేబుల్ షీల్డు గుండా పారడమే దానికి కారణం. కేబుల్ తీగ ఊడదీస్తే హోరు ఆగితే నిర్ధారణ అయినట్టే. గొయ్యి తవ్వి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండే పాత ఎర్త్ గొయ్యి ఇప్పటికీ దీనికి సరైన వైద్యం.

రైలుమార్గం మీద విద్యుదీకరణ పూర్తయ్యాక 25 వేల వోల్టుల తీగ ఊరి పక్కనుంచి పోతోంది. రైలింజను పైన ఆ తీగను తాకే పాంటోగ్రాఫ్ దగ్గర లేచే నిప్పురవ్వలు మీడియం వేవ్ రేడియోను చెరుపుతాయి. కంప్యూటర్ స్పీకర్లను అవి అంతగా తాకవు, ఎందుకంటే వాటికి ఏరియల్ పని లేదు. పొడవాటి, షీల్డు లేని స్పీకర్ తీగ మాత్రం తనకు తెలియకుండానే ఏరియల్ అవుతుంది.

నాలుగు వింత దోషాలు

ఈ చరిత్రలో వింతగా అనిపించినా కారణం తేటగా తెలిసిన దోషాలు నాలుగింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

మొదటిది, ఫోన్ మోగబోయే ముందు స్పీకర్లలో వచ్చే టడడట్ టడడట్ ధ్వని. రెండో తరం జీఎస్ఎం ఫోన్ ఆగకుండా తరంగాలు పంపదు. ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి తునకగా పంపుతుంది, అంటే సెకనుకు సుమారు 217 సార్లు. ఆ తునకలను స్పీకర్ ఆంప్లిఫయర్ పట్టుకుని శబ్దంగా మారుస్తుంది. ఫోన్‌ను అడుగు దూరం జరిపితే తగ్గుతుంది. 2016 తర్వాత 4జీ ఫోన్లు, వాటి మీద మాటలు విస్తరించడంతో ఈ ధ్వని బాగా తగ్గిపోయింది. పదేళ్ల పిల్లలకు దాన్ని పోల్చుకోవడం కష్టం.

రెండోది, పాటలో గాయకుడి గొంతు మాయమై వాద్యాలు మాత్రం మిగలడం. హెడ్‌ఫోన్ పిన్ను పూర్తిగా దిగకపోయినా, రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ తెగినా, ఎడమ కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఇందులో ఒక చక్కని పరీక్ష దాగి ఉంది. ఘంటసాల కాలపు మోనో పాట పెడితే గొంతుతో పాటు వాద్యాలూ పోయి దాదాపు నిశ్శబ్దమవుతుంది, కొత్త స్టీరియో పాటలో గొంతు ఒక్కటే పోతుంది. ఈ రెండూ జరిగితే తప్పు ఉమ్మడి తీగదే, కంప్యూటర్‌ది కాదు.

మూడోది, శ్రుతి మారడం. ఆడియో సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి నమోదు చేస్తారు, వీడియోలకు 48,000 సార్లు. ఒక లెక్కలో నమోదైనదాన్ని మార్పిడి చేయకుండా రెండో లెక్కలో వాయిస్తే వేగం 8–9 శాతం మారుతుంది. మూడు నిమిషాల సీడీ పాటను 48,000 లెక్కలో వాయిస్తే రెండు నిమిషాల నలభై అయిదు సెకన్లకే ముగుస్తుంది, శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. ఏసీ97 చిప్‌లు చాలావరకు 48,000 మీదే నడిచేవి కాబట్టి మార్పిడి పని సాఫ్ట్‌వేర్ మీద పడింది, అది తప్పితే ఈ దోషం వచ్చేది. టేపు రికార్డర్ బెల్టు సాగినప్పటి దోషానికి ఇది సోదరుడే. తేడా ఏమిటంటే, టేపు వణుకుతూ జారుతుంది, కంప్యూటర్ నిలకడగా తప్పుతుంది. నిలకడగా తప్పిందంటే సెట్టింగ్ చూడాలి.

నాలుగోది, మాట ప్రతిధ్వనించడం. 2003లో స్కైప్ వచ్చాక విదేశాల్లోని పిల్లలతో కంప్యూటర్ మీద మాట్లాడడం తెలుగు ఇళ్లలో మామూలైంది. తన మాట తనకే తిరిగి వినిపిస్తే మనిషి తన కంప్యూటర్‌నే అనుమానిస్తాడు. నిజానికి తప్పు ఎదుటివైపుది. ఇక్కడి మాట అక్కడి స్పీకర్ నుంచి వచ్చి అక్కడి మైకులో పడి తిరిగొస్తోంది. అవతలివాళ్లు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆగుతుంది. మైకు సెట్ కీచుమన్నప్పుడు జరిగింది ఇదే, కాకపోతే చక్రం సముద్రాలు దాటి తిరుగుతోంది.

సాఫ్ట్‌వేర్‌లోకి వలస

విండోస్ విస్టా 2007లో బజారుకు వచ్చినప్పుడు ధ్వని వ్యవస్థను దాదాపు కొత్తగా రాశారు. అక్కడి నుంచి ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో వాల్యూమ్, ఒకే కంప్యూటర్‌లో నాలుగైదు ధ్వని పరికరాలు ఏర్పడ్డాయి. మానిటర్‌కు హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే స్పీకర్లు మూగబోవడం దీని ఫలితం. ధ్వని ఆగలేదు, స్పీకర్ లేని మానిటర్‌కు పోతోంది. ప్రధాన పరికరాన్ని మళ్లీ ఎంచుకుంటే చాలు. 2009లో వచ్చిన విండోస్ 7 ఫోన్ కాల్ వస్తోందనుకుంటే మిగతా ధ్వనులను 80 శాతం తగ్గించే ఏర్పాటుతో వచ్చింది. పాట ఉన్నట్టుండి సన్నగిల్లి, కాసేపటికి తిరిగి పెరగడానికి కారణం చాలాసార్లు అదే.

చిటపటలకూ కొత్త అర్థం వచ్చింది. కంప్యూటర్ ధ్వనిని చిన్న చిన్న మూటలుగా పంపుతుంది. 10 మిల్లీసెకన్ల మూటలో, 48,000 లెక్కన, 480 కొలతలు ఉంటాయి. వైఫై డ్రైవర్ వంటిది ప్రాసెసర్‌ను అంతకంటే ఎక్కువసేపు పట్టుకుంటే తర్వాతి మూట ఆలస్యమై టప్పుమంటుంది. వైఫై ఆపి చూడడం ఇక్కడ పరీక్ష. ఆపితే చిటపట పోయిందంటే స్పీకర్ కొనక్కర్లేదు, వైఫై డ్రైవర్ మార్చాలి.

2020లో లాక్‌డౌన్ వల్ల పాఠాలు ఇళ్లలోకి వచ్చినప్పుడు బ్లూటూత్ హెడ్‌సెట్లతో మరో ఫిర్యాదు పెరిగింది: పాట బాగుంటుంది, క్లాసులో చేరగానే టెలిఫోన్‌లో విన్నట్టు మారుతుంది. పాటకు బ్లూటూత్ ఒక పద్ధతి వాడుతుంది, మైకు కూడా కావాలంటే ఫోన్ కాల్స్ కోసం చేసిన వేరే పద్ధతికి మారుతుంది. ఆ పద్ధతిలో ధ్వనిని మామూలుగా సెకనుకు 8,000 లేదా 16,000 సార్లే కొలుస్తారు. హెడ్‌సెట్‌ను వినడానికే ఉంచి, మైకుగా కంప్యూటర్‌దే ఎంచుకుంటే స్పష్టత తిరిగొస్తుంది.

మిగిలిన పద్ధతి

ఎనభై ఏళ్ల ఈ ప్రయాణంలో దోషం భాగం నుంచి తీగకు, తీగ నుంచి అమరికకు, అక్కడి నుంచి డ్రైవర్‌కు, సెట్టింగ్‌కు జరిగింది. పాత దోషాలు పోలేదు, వాటి పైన కొత్తవి చేరాయి. అందుకే వెతికే వరస ఈనాటికీ రేడియో బల్ల మీదిదే. శబ్దం హోరా, చిటపటా, ఈలా, మూగతనమా అని ముందు తేల్చుకోవాలి. తర్వాత ఏరియల్ ఊడదీసే పరీక్షకు సాటి పరీక్ష: స్పీకర్ పిన్ను కంప్యూటర్ నుంచి తీసి ఫోన్‌కు పెట్టాలి. దోషం అక్కడా వినిపిస్తే అది స్పీకర్‌దో, తీగదో, కరెంటుదో. వినిపించకపోతే అది కంప్యూటర్‌దో, దాని ఎర్త్‌దో. ఆ తర్వాత గొలుసును సగం చేసే పరీక్ష: పెన్‌డ్రైవ్ మీద లినక్స్ వేసి దాని నుంచి కంప్యూటర్‌ను నడపాలి. అక్కడ పాట శుభ్రంగా వస్తే చిప్, రంధ్రం, తీగ అన్నీ బాగున్నట్టు, తప్పు విండోస్ డ్రైవర్‌లోనో సెట్టింగ్‌లోనో ఉన్నట్టు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీ మీద వినాలి. హోరు ఆగితే ఎర్త్ చూడాలి.

ఈ పరీక్షల్లో దేనికీ పెద్దగా డబ్బు ఖర్చు కాదు, లినక్స్ పెన్‌డ్రైవ్ తయారీ తప్ప దేనికీ పది పదిహేను నిమిషాల కంటే ఎక్కువ పట్టదు. కొత్త స్పీకర్లకో సౌండ్ కార్డుకో డబ్బు పెట్టేముందు ఇవి చేసి చూడడం మంచిది. ఒక్కో పరీక్షలో ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దోషం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు వెతుకులాట మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.